దీవుల క్రూయిజ్‌కి ఏ నెల, ఏ దారి? ముందు గాలి చూడండి

"ఏ ఓడ బాగుంటుంది?" అని చాలామంది అడుగుతుంటారు. నేను వెంటనే తిరిగి అడిగేది ఒకటే: "ఏ నెలలో వెళ్ళగలరు?" ఉష్ణమండల దీవుల ప్రయాణంలో నెల తేలితే సముద్రం తేలుతుంది. సముద్రం తేలితే దారి తేలుతుంది. ఓడ సంగతి ఆ తర్వాతే. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి, నచ్చిన ఓడ మీద గది బుక్ చేసుకున్నాక వాతావరణం గురించి వెతుకుతారు. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు.

కింద చెప్పిన వరుసలోనే వెళ్ళండి. ఒక సాయంత్రం కేటాయిస్తే పని అయిపోతుంది.

1. ముందు ఈ ఐదూ కాగితం మీద రాసుకోండి

☐ సెలవు తేదీలు. కదలనివా, రెండు మూడు వారాలు అటూ ఇటూ జరపొచ్చా?

☐ విమాన ప్రయాణాలు పోను ఓడ మీద ఎన్ని రాత్రులు మిగులుతాయి?

☐ ఎందుకు వెళ్తున్నారు? నీళ్ళలో దిగి పగడపు దిబ్బలు చూడటానికా, తిమింగలాల కోసమా, ఊరికే డెక్ మీద కూర్చుని సముద్రం చూడటానికా?

☐ ఎవరెవరు వస్తున్నారు? చిన్నపిల్లలు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, పడవ ఊగితే కడుపులో తిప్పేవాళ్ళు ఉన్నారా?

☐ ఏది చూడకపోతే ప్రయాణం వృథా అనిపిస్తుంది? ఒక్కటే రాయండి.

ఆఖరి ప్రశ్నకు జవాబు రాయడానికి చాలామందికి మనసొప్పదు. అన్నీ కావాలనిపిస్తుంది. అయినా రాయండి. అక్కడ "ఫ్రెంచ్ పాలినీసియాలో బోరాబోరా పగడపు దిబ్బల లోపలి నీళ్ళు" అని ఉంటే మీ నెలలు మే నుంచి అక్టోబరు. "హవాయిలో హంప్‌బ్యాక్ తిమింగలాలు" అని ఉంటే జనవరి నుంచి మార్చి. ఆ ఒక్క మాటతో సగం తికమక తీరిపోతుంది.

2. తుపాను నెలల మీద మీ తేదీలు పెట్టి చూడండి

సముద్రపు పైనీరు దాదాపు 26.5 డిగ్రీలు దాటి వేడెక్కిన చోట తుపాన్లు బలం పుంజుకుంటాయి. ఆ వేడి ఒక్కో సముద్రంలో ఒక్కో కాలంలో వస్తుంది. అందుకే "దీవులకు మంచి కాలం ఏది?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు.

- కరీబియన్, బహామాస్: జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అసలు ఉధృతి ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా. సెప్టెంబరు 10 ప్రాంతం పతాక స్థాయి.
- హవాయి: జూన్ నుంచి నవంబరు. నేరుగా తాకేవి అరుదు.
- ఫిజీ, టోంగా, వనువాటు, కుక్ దీవులు, ఫ్రెంచ్ పాలినీసియా: నవంబరు నుంచి ఏప్రిల్.
- మారిషస్, రీయూనియన్, మడగాస్కర్: నవంబరు మధ్య నుంచి ఏప్రిల్. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎక్కువ.
- ఫిలిప్పీన్స్, తైవాన్, ఒకినావా: ఏ నెలలోనైనా రావచ్చు. జులై నుంచి అక్టోబరు దాకా ఎక్కువ.

భూమధ్యరేఖకు అటూ ఇటూ 5 డిగ్రీల లోపల తుపాన్లు దాదాపు పుట్టవు. గాలి సుడి తిరగడానికి భూభ్రమణం ఇచ్చే మెలి అక్కడ మరీ బలహీనంగా ఉంటుంది. సీషెల్స్ ప్రధాన దీవులు, మాల్దీవుల దక్షిణ భాగం, గాలాపగోస్ ఈ పట్టీలో ఉన్నాయి. సీషెల్స్‌లో దక్షిణం వైపు విసిరేసినట్టున్న బయటి దీవుల సంగతి వేరు. 2016 ఏప్రిల్‌లో ఫాంటాలా తుపాను ఫార్కర్ దీవిని గట్టిగా దెబ్బతీసింది.

"ఈ దీవులకు హరికేన్లు (అమెరికా వైపు తుపాన్లకు పేరు) రావు" అని ఎవరైనా అంటే "తక్కువగా వస్తాయి" అని అర్థం చేసుకోండి. దాదాపు 12వ అక్షాంశం మీద దక్షిణ అమెరికా తీరానికి ఆనుకున్నట్టున్న అరూబా, బొనైర్, కురసావ్‌లకు తాకిడి నిజంగానే తక్కువ. గ్రెనడా గురించీ అలాగే అనుకునేవారు. 2004 సెప్టెంబరులో ఐవన్ ఆ దీవిని నేలమట్టం చేసినంత పని చేసింది. 2024 జులైలో బెరిల్ గ్రెనడాకే చెందిన కారియకూ మీద పడింది.

ఇక్కడ భయపడాల్సింది ఓడకు ఏమవుతుందోనని కాదు. పెద్ద ఓడ 20 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్లు పోగలదు. తుపాను సాధారణంగా అంతకంటే నెమ్మదిగా కదులుతుంది, పైగా రోజుల ముందే కనిపిస్తుంది. కెప్టెన్ దారి మార్చుకుని తప్పుకుంటారు. మీరు పోగొట్టుకునేది రేవుల్ని. తూర్పు కరీబియన్ అని ఎక్కినవాళ్ళు పశ్చిమ కరీబియన్ చూసి తిరిగొస్తారు. "ఏ దీవైనా ఫర్వాలేదు, సముద్రం మీద ఉంటే చాలు" అనుకునేవాళ్ళకు సెప్టెంబరు, అక్టోబరు టికెట్లు చవక. ఫలానా దీవే కావాలంటే ఆ నెలలు వద్దు.

ఎల్ నీనో ఏడాదైతే, అంటే పసిఫిక్ నీరు మామూలు కన్నా వేడెక్కిన ఏడాదైతే, లెక్క కొంచెం మారుతుంది. అట్లాంటిక్‌లో హరికేన్లు తగ్గే వైపు, మధ్య పసిఫిక్‌లో పెరిగే వైపు మొగ్గుతుంది. మామూలుగా తుపాన్లు అరుదైన ఫ్రెంచ్ పాలినీసియాకు 1982–83 ఎల్ నీనోలో వరుసగా వచ్చాయి. దానికి ఎదురైన లా నీనాలో అట్లాంటిక్ చురుగ్గా ఉంటుంది.

3. వాన కన్నా గాలి లెక్క ముఖ్యం

నా మొదటి దీవుల క్రూయిజ్ జనవరిలో. "పొడి కాలం, చుక్క వాన పడదు" అన్నారు. నిజమే, పడలేదు. ఆకాశం నీలంగా మెరుస్తోంది. కళ్ళెదుటే దీవి, కొబ్బరిచెట్లు, ఒడ్డున నిలబడ్డ బస్సులు. మేం మాత్రం ఓడలోనే ఉండిపోయాం. ఎందుకో అర్థం కావాలంటే టెండర్ పడవ ఎక్కడం ఎలా ఉంటుందో చెప్పాలి.

పెద్ద ఓడ ఆనడానికి గట్టు లేని దీవుల దగ్గర లంగరు వేస్తారు. నీటిమట్టానికి కాస్త పైన, ఓడ పక్కన ఒక తలుపు తెరుస్తారు. టెండర్ అనే చిన్న పడవ వచ్చి పక్కన ఆనుతుంది. అల వస్తే దాని అంచు మన మోకాలి ఎత్తుకు లేస్తుంది, అల పోతే మన పాదాల కిందికి దిగిపోతుంది. ఇద్దరు నావికులు చెరో మోచెయ్యి పట్టుకుంటారు. అంచు మన పాదాలకు సమానంగా వచ్చే క్షణం కోసం కాచుకుని "ఇప్పుడు" అంటారు. మనం అడుగు వేయాలి. గాలి లేనిరోజు అది మెట్టు దిగినంత తేలిక. ఆ రోజు నా ముందున్న పెద్దావిడ మూడుసార్లు కాలు ముందుకు పెట్టి మూడుసార్లూ వెనక్కి తీసుకుంది. కాసేపటికి కెప్టెన్ టెండర్లు ఆపేశారు. గంటన్నర ఎదురుచూశాక ఆ దీవి రద్దయింది.

వాన అలా చేయదు. ఉష్ణమండలంలో తడి కాలమంటే చాలాచోట్ల మధ్యాహ్నం కుండపోతగా ఓ గంట కురిసి వెలిసే వాన. తడుస్తాం, ఆరిపోతాం. గాలి మాత్రం రేవును మూయిస్తుంది, నీటిని కలకబారుస్తుంది, రాత్రంతా నిద్రపోనివ్వదు.

గాలి నెలలు ఇవీ:

- తూర్పు కరీబియన్: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వ్యాపార పవనాలు జోరుగా వీస్తాయి. అక్కడివాళ్ళు వీటిని క్రిస్మస్ గాలులంటారు. మార్చి దాటాక తగ్గుముఖం పడతాయి.
- పశ్చిమ కరీబియన్: అదే నెలల్లో ఉత్తరం నుంచి చలిగాలి తెరలు దిగుతాయి. మెక్సికోలోని కొజుమెల్ వైపు వీటి పేరు నోర్తే. ఒకటి రెండు రోజులుండి పోతాయి.
- ఫ్రెంచ్ పాలినీసియా: జూన్ నుంచి ఆగస్టు మధ్యలో ఆగ్నేయం నుంచి మారాము గాలి అప్పుడప్పుడూ విజృంభిస్తుంది. ఆకాశం పొడిగానే ఉంటుంది, సముద్రం మాత్రం లేస్తుంది.
- సీషెల్స్: మే నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ గాలులు. ఏప్రిల్, మళ్ళీ అక్టోబరు–నవంబరు గాలి దిశ మారే సంధికాలం. నీళ్ళు అద్దంలా ఉండేది అప్పుడే.
- మాల్దీవులు: మే నుంచి అక్టోబరు వరకు నైరుతి రుతుపవనాలు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ప్రశాంతం.

ఎన్ని నాట్లు ఎక్కువ? నేను వాడే కొలత ఇది. సగటు గాలి 15 నాట్ల లోపుంటే నిశ్చింత. 15 నుంచి 20 మధ్య పెద్ద ఓడకు ఇబ్బంది లేదు, కడుపులో తిప్పేవాళ్ళు మాత్రం మాత్ర దగ్గర పెట్టుకోవాలి. 20 దాటే నెల అయితే టెండర్ రేవులు ఎక్కువున్న దారి తీసుకోను.

అలల ఎత్తు ఒక్కటే చూసి కంగారుపడకండి. రెండు అలల మధ్య ఎన్ని సెకన్లు అన్నదీ చూడాలి. రెండు మీటర్ల అల 12 సెకన్లకోసారి వస్తే ఉయ్యాలలా ఉంటుంది. అదే ఎత్తు 6 సెకన్లకోసారి వస్తే ఎగుడుదిగుడు బాటలో బండి ఎక్కినట్టే.

4. దీవికి రెండు ముఖాలు. రేవు ఏ వైపుందో చూడండి

కొండలున్న దీవి ఏదైనా తీసుకోండి. గాలి తగిలే వైపు మబ్బులు కొండెక్కి కురిసిపోతాయి. గాలిచాటు వైపు ఎండ, ప్రశాంతమైన నీరు. హవాయి పెద్ద దీవిలో తూర్పున ఉన్న హిలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. అదే దీవికి పడమర ఒడ్డున ఉన్న కోనాలో అందులో చిన్న భాగమే పడుతుంది. ఫిజీలో సువా తడిగా ఉంటే నాడీ వైపు పొడిగా ఉంటుంది.

కాబట్టి "ఆ దీవిలో వాన ఎంత?" అని వెతకకండి. మీ రేవు పేరు, మీరు వెళ్ళాలనుకుంటున్న తీరం పేరు పెట్టి వెతకండి. ఈత కొట్టే రోజు గాలిచాటు తీరానికి, జలపాతాలు, అడవి చూసే రోజు గాలి తగిలే వైపుకు పెట్టుకుంటే రెండూ బాగుంటాయి.

కరీబియన్‌లో ఇంకో సంగతి ఉంది. 2011 నుంచి సర్గాసమ్ అనే గోధుమరంగు సముద్రపు నాచు పెద్ద ఎత్తున కొట్టుకొస్తోంది. మార్చి నుంచి ఆగస్టు దాకా దీని బెడద ఎక్కువ. అట్లాంటిక్ వైపు తిరిగిన తూర్పు తీరాల్లో పేరుకుంటుంది, కుళ్ళితే వాసన భరించలేం. పడమటి తీరాలు చాలావరకు శుభ్రంగా ఉంటాయి.

5. నెలను బట్టి నేనైతే ఎక్కడికి వెళ్తాను

జనవరి–ఫిబ్రవరి: మాల్దీవులు, లేదా థాయ్‌లాండ్ అండమాన్ తీరం. హవాయి తిమింగలాలు కావాలంటే అక్కడికి. దక్షిణ కరీబియన్ కూడా మంచిదే, రేవులన్నీ గట్టుకు ఆనేవైతే.

మార్చి–మే మధ్య: కరీబియన్‌కు నా దృష్టిలో ఇదే మేలైన కాలం. గాలి తగ్గుతుంది, హరికేన్లు ఇంకా మొదలుకావు, నీరు వెచ్చబడుతుంది. మార్చిలో అమెరికా కళాశాలల సెలవుల రద్దీ ఉంటుంది, ఏప్రిల్ రెండో సగానికి జరపగలిగితే జరపండి. సీషెల్స్‌కు ఏప్రిల్.

మే–అక్టోబరు: దక్షిణ పసిఫిక్. ఫిజీ, తాహితి, బోరాబోరా ఏవైనా. గాలి విషయంలో జాగ్రత్తపడేవాళ్ళు మే, లేదా సెప్టెంబరు–అక్టోబరు ఎంచుకోండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడా హంప్‌బ్యాక్‌లు కనిపిస్తాయి. ఇండోనేసియాలో కొమొడో దీవులు ఈ నెలల్లోనే పొడిగా ఉంటాయి. అక్టోబరు తర్వాత అక్కడ తిరిగే ఫినిసి అనే చెక్క తెరచాప పడవలు చాలా వరకు ఇండోనేసియాలోనే తూర్పున ఉన్న రాజా అంపత్ దీవులకు తరలిపోతాయి. పడవలవాళ్ళు ఎటు పోతే సముద్రం అటు బాగున్నట్టే, అంతకు మించిన గుర్తు లేదు.

నవంబరు–డిసెంబరు మొదటి వారాలు: కరీబియన్. హరికేన్ కాలం ముగింపుకొచ్చి, క్రిస్మస్ రద్దీ ఇంకా మొదలుకాని సమయం. టికెట్లు కూడా తగ్గుతాయి.

గాలాపగోస్‌కు ఏ నెలైనా సరే, కావలసింది తెలిస్తే. జనవరి నుంచి మే దాకా నీరు వెచ్చగా, ప్రశాంతంగా ఉంటుంది. జూన్ నుంచి నవంబరు దాకా చల్లని హంబోల్ట్ ప్రవాహం ప్రభావం, మబ్బు, కాస్త ఊగే సముద్రం. కానీ ఆ చల్లని నీటిలోనే సముద్ర జీవులకు ఆహారం పుష్కలం.

మాల్దీవుల వానాకాలాన్ని కొట్టిపారేయకండి. బా అటోల్ (పగడపు దీవుల వలయం)లోని హనిఫారు అఖాతంలో మాంటా చేపలు గుంపులు కట్టేది జూన్ నుంచి నవంబరు మధ్యనే.

6. దారిని రేవుల పేర్లతో కాకుండా గంటలతో చదవండి

ప్రకటనలో ఆరు దీవుల పేర్లుంటాయి. వాటిలో ఎంతసేపు నిలబడతారన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇలా లెక్కకట్టండి.

మొదట దూరం. ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. 20 నాట్ల ఓడ సాయంత్రం 6కు బయల్దేరి ఉదయం 6కు చేరితే 240 నాటికల్ మైళ్ళు. రెండు రేవుల మధ్య దూరం అంతకు బాగా మించి ఉంటే, మధ్యలో ఒక పగలు సముద్రం మీదే గడుస్తుంది.

తర్వాత ఒడ్డు గంటలు. రేవులో ఉండే సమయంలోంచి దిగడానికి ఒక గంట, తిరిగి ఎక్కడానికి ఒక గంట తీసేయండి. టెండర్ రేవైతే ఇంకో గంట. ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా అని రాసి ఉన్న టెండర్ రేవులో మీకు దక్కేది మూడు గంటలే.

ఇప్పుడు రెండు దారులు పోల్చి చూద్దాం. రెండూ ఏడు రాత్రులవే, తూర్పు కరీబియన్‌వే. ఒకటి మయామీలో మొదలవుతుంది. అక్కడి నుంచి సెయింట్ థామస్ దీవి దాదాపు 1,000 నాటికల్ మైళ్ళు, అంటే 50 గంటలు. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు నీటి మీదే. దీవులకు మిగిలేది రెండు మూడు రోజులు. పైగా వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు, ఊగుడు ఎక్కువ. రెండోది పోర్టరీకోలోని సాన్ హువాన్‌లో మొదలవుతుంది. దీవులు దగ్గర దగ్గర, దాదాపు రోజుకొకటి. విమానం ఖర్చు పెరగొచ్చు, కానీ దీవులే కావాలంటే రెండోదే తీసుకోవాలి. సముద్రం మీద తీరిగ్గా గడపాలనుకునేవాళ్ళకు మొదటిది హాయిగా ఉంటుంది.

హవాయికీ ఇదే లెక్క. అమెరికా పడమటి తీరం నుంచి ఓడెక్కితే వెళ్ళేందుకే నాలుగైదు రోజులు. నేరుగా హొనొలులుకు విమానంలో వెళ్ళి దీవుల మధ్య తిరిగే ఓడ ఎక్కితే ఏడు రోజులూ దీవులవే. 1886 నాటి అమెరికా చట్టం వల్ల విదేశీ జెండా ఓడలు విదేశీ రేవును తాకకుండా కేవలం అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదు, అందుకే అలా తిరిగే పెద్ద ఓడల ఎంపిక చాలా తక్కువ.

దారిని ఖాయం చేసే ముందు:

☐ మొత్తం ఒడ్డు గంటలు కూడారా?

☐ టెండర్ రేవులు ఎన్ని? ఉదాహరణకు గ్రాండ్ కేమన్, బెలీజ్ సిటీ, హవాయిలో కోనా. గాలి నెలల్లో ఒకటికి మించితే ఆలోచించండి.

☐ మీరు రాసుకున్న ఆ ఒక్క దీవి దారిలో ముందు భాగంలో ఉందా? మొదటి రోజుల్లోనే ఉంటే మేలు. వాతావరణం తేడా చేసినప్పుడు ఆఖరి రేవును కోసేయడం తేలిక.

☐ అదే రోజు ఆ రేవుకు ఇంకెన్ని ఓడలు వస్తున్నాయి? రేవుల క్యాలెండర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చిన్న దీవికి ఒకేరోజు నాలుగు ఓడలొస్తే ఒడ్డంతా జనమే.

7. బుకింగ్ రోజు జాగ్రత్తలు

ప్రయాణ బీమా బుక్ చేసిన వారంలోనే తీసుకోండి. తుపానుకు పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపాను నష్టాన్ని సాధారణంగా భరించదు.

ఓడ కదిలే ముందురోజే ఆ ఊరు చేరుకునేలా విమానం పట్టుకోండి. విమానం ఆలస్యమైనా ఓడ ఆగదు.

గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకుంటే ఊగుడు తక్కువ. పైన, ముందు భాగంలో ఉన్న గది చూడ్డానికి బాగుంటుంది, గాలి రాత్రుల్లో నిద్ర ఉండదు.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

నెల సగటు వాన చూసి భయపడటం. మిల్లీమీటర్లు కాకుండా వాన పడే రోజులు, ఎండ గంటలు చూడండి.

రద్దయిన రేవుకు డబ్బు మొత్తం తిరిగొస్తుందనుకోవడం. ఒప్పందంలో రేవులు మార్చే హక్కు ఓడ సంస్థలు ఉంచుకుంటాయి. మామూలుగా తిరిగొచ్చేది రేవు రుసుము వరకే. బయట విడిగా పడవ షికారు బుక్ చేసేటప్పుడు "ఓడ రాకపోతే డబ్బు వాపసు" అన్న షరతు ఉందో లేదో చూడండి.

ఓడ గడియారం, దీవి గడియారం ఒకటే అనుకోవడం. కొన్ని రేవుల్లో గంట తేడా ఉంటుంది. ఫోన్ తనంతట తాను దీవి సమయానికి మారిపోతుంది. మామూలు చేతిగడియారం పెట్టుకుని ఓడ సమయానికి ఉంచండి. గట్టు మీద పరుగెత్తే మనుషుల్లో చాలామంది ఫోన్ నమ్ముకున్నవాళ్ళే.

కడుపులో తిప్పడం మొదలయ్యాక మాత్ర వేసుకోవడం. ఊగుడు మొదలవకముందే వేసుకుంటేనే పనిచేస్తుంది. ఏ మాత్ర అన్నది డాక్టర్‌ను అడగండి.

9. బయల్దేరే ముందు పది రోజులు

పదో రోజు నుంచి రోజుకోసారి చూడండి, అంతకంటే ఎక్కువ వద్దు. అట్లాంటిక్‌కు మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ వచ్చే ఏడు రోజుల అంచనా ఇస్తుంది. దక్షిణ పసిఫిక్‌కు ఫిజీలోని నాడీ కేంద్రం, నైరుతి హిందూ మహాసముద్రానికి రీయూనియన్ కేంద్రం, పశ్చిమ పసిఫిక్‌కు టోక్యో చూడండి.

ఐదో రోజు నుంచి విండీ లాంటి యాప్‌లో మీ రేవులు ఒక్కొక్కటీ తెరిచి గాలి నాట్లు, అల ఎత్తు, అలల మధ్య సెకన్లు రాసుకోండి. గాలి ఎక్కువగా కనిపించిన టెండర్ రేవు రోజున మొదటి పడవ టోకెన్ తీసుకోండి. వ్యాపార పవనాలు వీచే చోట పొద్దున గాలి తక్కువ, మధ్యాహ్నానికి పెరగడం మామూలు. ఎనిమిదింటికి దిగినవాళ్ళు ఒడ్డున ఉంటారు, పదింటికి వద్దామనుకున్నవాళ్ళకు టెండర్ ఆగిపోయి ఉండొచ్చు. తిరుగు ప్రయాణానికీ ఆఖరి పడవ దాకా ఆగకండి, కనీసం గంట ముందు వరుసలో ఉండండి.